చావుకీ లోహపు పనికీ పేరుపడ్డ దేశం: నమ్మేలా రాయడం ఎలా?

నివురుసీమ_రాజు
ఆదివారాలు సైనిక్‌పురిలో ఫ్రెండ్ వాళ్ళ మేడ మీద రోల్ ప్లేయింగ్ గేమ్ నడుపుతుంటాను. అంటే నేను కథ చెప్తుంటే ఆటగాళ్ళు అందులో పాత్రలై ఆడతారు. కథ, దేశాలు, దేవుళ్ళు అన్నీ నేనే రాసుకున్నవి. అందులో ఉత్తరాన నివురుసీమ అని ఒక దేశం. దానికి రెండే రెండు పేర్లు: చావు, లోహపు పని. వాళ్ళ కత్తికి ఎత్తుకు ఎత్తు బంగారం ఇస్తారు. వాళ్ళ మంత్రగాళ్ళు శవాల్ని లేపుతారు. పక్క దేశాల్లో ఆ పేరు ఎత్తితే పిల్లలకు దిష్టి తీస్తారు.

కాగితం మీద బాగానే ఉంది. మొన్న ఆటగాళ్ళు సరిహద్దు దాటి మొదటి ఊళ్ళోకి వచ్చారు. ఒకడు "వీళ్ళు ఏం తింటారు?" అన్నాడు. ఇంకొకడు "శవాన్ని లేపగలిగినవాడికి కత్తితో ఏం పని?" అన్నాడు. మూడోవాడైతే పుర్రెల తోరణం గురించి నేను గొంతు తగ్గించి చెప్తుంటే కిసుక్కున నవ్వాడు. అప్పుడే సమోసాలు రాబట్టి సరిపోయింది.

ఈ రెండు పేర్లూ ఒకే దేశానికి ఎందుకు వచ్చాయో నాకే తేలడం లేదు. సలహా ఇవ్వండి. పుర్రెలు తీసెయ్యమని మాత్రం చెప్పకండి. బొమ్మలు వేయించి డబ్బులు కూడా ఇచ్చేశాను.

ఇరవైముఖాల_పాచిక
పుర్రెలు తీసెయ్.

నిద్రపోని_నిఖిల్
శవాలు లేచి పని చేసే దేశం మాకు కొత్త కాదు. రాత్రి రెండింటికి హైటెక్ సిటీలో క్యాబ్ కోసం నిలబడి చూడు.

ఇరవైముఖాల_పాచిక
సరే, కొంచెం వివరంగా చెప్తా. నీ దగ్గర ఉన్నది ఒక దేశం కాదు, రెండు పోస్టర్లు. ఒకదాని మీద నల్ల ముసుగు మాంత్రికుడు, ఇంకోదాని మీద చెమట కారుస్తున్న కమ్మరి. పక్కపక్కన అంటించి పేరు పెట్టావు. మీ రెండో ఆటగాడు అడిగిందే అసలు ప్రశ్న. చావు వల్ల ఆ లోహం బాగుందా, లోహం వల్ల చావులు వచ్చాయా? దీనికి జవాబు రాకుండా నువ్వు ఎన్ని ఊళ్ళు గీసినా అంతే.

రాతిగుళ్ల_రమ
చావునీ లోహాన్నీ కలపడానికి ఉత్తరాన ఊహాలోకాలు వెతకక్కర్లేదు, మీరు ఉన్న చోటే ఉన్నాయి. సైనిక్‌పురి నుంచి కాస్త దూరంలో మౌలాలి, ఇటు బోయిన్‌పల్లి పక్కన హష్మత్‌పేట, అటు గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్. మూడు చోట్లా ఇనుపయుగపు సమాధులు బయటపడ్డాయి. తెలంగాణ పల్లెల్లో వీటిని రాకాసి గుళ్ళు అంటారు. పెద్ద పెద్ద బండలు నిలబెట్టి గదిలా చేసి, పైన మరో బండ కప్పి, చుట్టూ గుండ్రంగా రాళ్ళు పేరుస్తారు. లోపల ఎముకలు, నలుపు-ఎరుపు కుండలు, వాటి పక్కన ఇనుప సామాను: గొడ్డళ్ళు, కత్తులు, ఈటె మొనలు.

ఇక్కడ ఆలోచించాల్సింది ఏమిటంటే, ఆ కాలంలో ఇనుము చవక కాదు. ఒక గొడ్డలికి ఎంత బొగ్గు, ఎంత చాకిరీ పడుతుందో తెలిసినవాళ్ళే దాన్ని మట్టిలో పెట్టి మూసేశారు. ఆనాటి ఇళ్ళు ఎలా ఉండేవో మనకు తెలిసేది తక్కువ. వాళ్ళ ఇనుము గురించి తెలిసిందంతా చాలావరకు సమాధుల నుంచే. అంటే మూడు వేల ఏళ్ళ తర్వాత వచ్చిన మనకు వాళ్ళు చావుకీ లోహానికీ పేరుపడ్డ జాతిలాగే కనిపిస్తున్నారు. నివురుసీమకు ఆ పేరు పెట్టింది ఎవరు? లోపలివాళ్ళా, బయటివాళ్ళా? ముందు అది తేల్చుకోండి.

నివురుసీమ_రాజు
రమక్కా, బయటివాళ్ళే పెట్టారు. ఇది రాసుకుంటున్నా.

బాలానగర్_బొగ్గు
ఫౌండ్రీల పని చేస్తాను కాబట్టి కత్తి సంగతి నేను చెప్తా. "ఎత్తుకు ఎత్తు బంగారం" అన్నావు, ఎందుకో చెప్పలేదు. మన దగ్గర ఎందుకు ఇచ్చేవాళ్ళో చెప్తా, పోల్చుకో.

నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. అక్కడ ఇనుము ముక్కల్ని మట్టి మూసల్లో పెట్టి, మూత మీద మట్టి మెత్తి, కొలిమిలో గంటల కొద్దీ కాల్చేవాళ్ళు. అందులో కర్బనం నూటికి ఒకటిన్నర వంతు దాకా చేరుతుంది. ఆ ముద్దను మెల్లగా చల్లార్చాలి. తొందరపడితే పోయింది. అట్లా తయారైన ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు ఆ ఊరిదాకా వచ్చేవాళ్ళు. వాయ్సీ అనే ఇంగ్లీషు డాక్టరు కళ్ళారా చూసి రాసింది 1832లో అచ్చయింది. అంతకుముందు 17వ శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు కూడా, నీటి అలల్లాంటి గీతలు తేలే కత్తికి గోల్కొండ ఉక్కే కావాలని రాశాడు. డమాస్కస్ కత్తి అని లోకమంతా చెప్పుకునేదానికి ముడిసరుకు మన దగ్గరి నుంచి పోయింది.

ఇందులో నీకు పనికొచ్చేది: ఉక్కు చేసేది ఒక ఊరు, కత్తి కొట్టేది ఇంకో దేశం, పేరు వచ్చేది మూడో ఊరికి. నీ నివురుసీమల అన్నీ ఒకే కొలిమి దగ్గర ఎందుకు జరుగుతున్నయి?

నివురుసీమ_రాజు
బొగ్గన్నా, మా కమ్మరులు చచ్చిపోయిన రాజుల ఎముకలు కరిగే ఉక్కులో కలుపుతారు. రహస్యం అదే అని రాశాను. చావుకీ కత్తికీ లింకు అయిపోయినట్టే కదా?

బాలానగర్_బొగ్గు
ఆ కత్తి చలికాలంలో ఒక్క దెబ్బకు రెండు ముక్కలైతది.

ఎముకలో భాస్వరం ఉంటది. ఇనుములోకి భాస్వరం దిగితే చల్లగా ఉన్నప్పుడు పెళుసు అయిపోతది. మా దగ్గర తుక్కు కొనేటప్పుడు అందుకే అంత జాగ్రత్త. పైగా నీ దేశం ఉత్తరాన, మంచులో అంటున్నవు. శత్రువుకు అమ్ముకో ఆ కత్తులు.

అయితే ఎముకను లోపల కాకుండా బయట వాడితే పని అయితది. తుపాకీ పనివాళ్ళు పాతకాలం నుంచి చేస్తున్నదే. ఎముకను గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేస్తారు, తోలు బొగ్గు కూడా కలుపుతారు. ఇనుప డబ్బాలో ఆ బొగ్గు పోసి మధ్యలో వస్తువు పాతిపెట్టి, సందులు మట్టితో మూసి, ఎర్రగా కాగేదాకా గంటల తరబడి ఉంచుతారు. తీసి ఒక్కసారిగా నీళ్ళలో ముంచుతారు. పైపొర గట్టిపడి ఆకురాయికి కూడా లొంగదు, లోపల మెత్తగానే ఉండి విరగకుండా ఆగుతది. ఇంకో సంగతి, పైన రంగులు తేలుతయి. నీలం, బూడిద, ఎండుగడ్డి రంగు, మబ్బు మచ్చల్లాగ. ఏ రెండు వస్తువుల మీదా ఒకే మచ్చలు రావు.

రాతిగుళ్ల_రమ
అంటే కత్తిని కొన్ని గంటలు ఎముకల మధ్య పాతిపెట్టి తీస్తారు. బొగ్గు గారూ, మీకు తెలియకుండానే ఒక మతం కనిపెట్టారు.

నిద్రపోని_నిఖిల్
"ఈ కత్తి మీద మచ్చ మా తాతయ్యది" అని చూపించుకోవచ్చు. నాకు ఈ దేశం నచ్చడం మొదలైంది.

బార్కస్_భాయ్
అందరూ కత్తి అంటే నరకడమే అనుకుంటున్నారు. మా బార్కస్‌లో పెద్దల దగ్గర జంబియాలు, అంటే వంపు తిరిగిన బాకులు, ఉంటాయి. మా వాళ్ళు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం ఫౌజులోకి వచ్చినవాళ్ళు. ఆ జంబియాతో ఎవర్నీ పొడవగా నేను చూడలేదు. పెళ్ళిలో మర్ఫా డప్పులు మోగితే బయటికి తీస్తారు, ఆడతారు, మళ్ళీ ఒరలో పెడతారు. యెమెన్‌లో దాని ధర అలుగును బట్టి కాదు, పిడిని బట్టి. ఖడ్గమృగం కొమ్ముతో చేసిన పాత పిడి అయితే ఆ ఇంటి పరువంతా దాని మీదే. కాబట్టి భయ్యా, నివురుసీమ కత్తి ఎంత బాగా కోస్తుందో చెప్పకు. దాన్ని నడుముకు ఎవరు కట్టుకోవచ్చో, ఎవరు కట్టుకోకూడదో చెప్పు.

ఇరవైముఖాల_పాచిక
ఇదీ పాయింట్. ఆటలో అయితే దెబ్బకు ఎన్ని పాచికలు అనేది తర్వాత చూసుకోవచ్చు.

లోహపు_లక్ష్మి
కత్తుల మీద నుంచి కాసేపు చూపు తిప్పండి. లోహపు పని అనగానే ఆయుధమేనా? బీదర్ ఎంతో దూరం లేదు, వెళ్ళి బిద్రీ పని చూడండి. యశదం (జింక్) పదహారు పాళ్ళకు రాగి ఒక పాలు చొప్పున కలిపి పోత పోస్తారు. ఉలితో నగిషీ చెక్కి ఆ గాట్లలో వెండి తీగ, వెండి రేకు కొట్టి దిగేస్తారు. అప్పటికి వస్తువంతా ఒకటే తెల్లగా ఉంటుంది, వెండి ఎక్కడుందో కూడా సరిగా కనిపించదు. చివర్న బీదర్ కోటలోని పాత మట్టి, నవాసాగరం అనే ఉప్పు కలిపిన నీళ్ళు కాచి రుద్దుతారు. యశదం కాటుకలా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మిగిలిపోతుంది.

ఆ మట్టి ఏ మట్టి పడితే అది పనికిరాదు. ఎండావానా తగలకుండా ఏళ్ళ తరబడి గోడల కింద ఉన్నది కావాలి. పనివాళ్ళు చిటికెడు నాలుక మీద వేసుకుని రుచి చూసి తీసుకుంటారు. అందులో సురేకారం లాంటి లవణాలు ఉంటాయి కాబట్టే నలుపు పడుతుంది.

ఇప్పుడు నివురుసీమకు రండి. సురేకారం ఎక్కడ చేరుతుంది? జీవం ఉన్నవి కుళ్ళి మట్టిలో కలిసిన చోట. పాత శ్మశానం కన్నా మంచి చోటు ఏముంది? వేల ఏళ్ళుగా పాతిపెడుతున్న దేశంలో మట్టే వాళ్ళ గని. నలుపు మీద వెండి, అదే వాళ్ళ పని. ఒక్క పుర్రె గీయకుండా చావు రంగు వచ్చేస్తుంది. అడ్డమైన నల్ల ముసుగులు కూడా అక్కర్లేదు.

నివురుసీమ_రాజు
లక్ష్మిగారూ, ఇది అదిరింది. శ్మశానం మట్టిని నాలుక మీద వేసుకుని రుచి చూసే ముసలాయన. మొదటి ఊళ్ళో మొదటి మనిషి వీడే.

నల్లకుంట_నాగమణి
ఛీ. కానీ మర్చిపోలేను.

లెక్కల_మాస్టారు
అందరూ తయారీ దగ్గరే ఉన్నారు. నాకు డబ్బు లెక్క కావాలి. ఒక దేశానికి చావు పేరు రావాలంటే అక్కడ జనం ఎక్కువ చచ్చిపోవాలని ఏమీ లేదు. మన భాషలో "కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు" అంటారు. కాశీలో చనిపోవాలని ఇల్లూ వాకిలీ వదిలి పోయిన తెలుగువాళ్ళు ఎంతమంది! మణికర్ణికలో చితి ఆరదంటారు. కానీ ఆ ఊళ్ళో అడుగుపెట్టి చూడండి. చీరలు, కచోరీలు, రాగి ఇత్తడి సామాను, పాన్, గొడవ. చావు మీద బతికే ఊరు ఏడుస్తూ కూర్చోదు. బేరం చేస్తుంది.

ఇంకో పక్క ఇరాక్‌లో నజఫ్. అక్కడి శ్మశానంలో చోటు కోసం ఇరాన్ నుంచి, ఇండియా నుంచి కూడా శవాల్ని తీసుకెళ్ళేవాళ్ళు. అంటే సత్రాలు, కూలీలు, సరిహద్దు సుంకాలు, దారి దోపిడీలు. మీ మొదటి ఆటగాడు అడిగిన "ఏం తింటారు" కి జవాబు ఇదే. బయటి దేశాల శవాలు లోపలికి వస్తాయి, వాటితో పాటు ధాన్యం బండ్లు వస్తాయి. నివురుసీమలో పంట పండాల్సిన పని లేదు.

ఒక చిక్కు మాత్రం ఉంది. రమగారు చెప్పినట్టు శవంతో పాటు లోహాన్ని పాతిపెడుతూ పోతే, చలామణిలో ఉన్న లోహం తగ్గిపోతుంది. ధర పెరుగుతుంది. ధర పెరిగితే సమాధులు తవ్వే దొంగలు పుడతారు. మీ దేశంలో కాపలా ఎవరు? జీతం ఎవరిస్తారు?

నిద్రపోని_నిఖిల్
అస్థిపంజరాలే కాపలా. జీతం లేదు, లీవు లేదు.

లెక్కల_మాస్టారు
అప్పుడు బతికున్నవాళ్ళకు ఉద్యోగాలు ఎవరిస్తారు బాబూ? తిత్తులు ఊదడానికి, బొగ్గు మోయడానికి, గని తవ్వడానికి శవాలే ఉంటే కూలిరేటు సున్నా. ఒక్క తరంలో కమ్మరి కొడుకు పని మర్చిపోతాడు. పేరున్న లోహపు పని అంటే చేతిలో ఉండే పని. నేనైతే శవాల్ని లేపే మంత్రాన్ని పూర్తిగా ఎత్తేస్తాను.

నివురుసీమ_రాజు
మాస్టారూ, అది ఎత్తేస్తే ఫాంటసీలో ఇంకేం మిగులుతుంది? పన్నుల శాఖ మిగులుతుంది.

ఇరవైముఖాల_పాచిక
నేను రాజు వైపే. ప్రతిదానికీ లెక్క కావాలంటే అందరం పేపర్ చదువుకుంటూ ఇంట్లో కూర్చోవచ్చు. మంత్రం ఉంచు, కానీ ఖరీదు పెట్టు.

రాతిగుళ్ల_రమ
మంత్రం ఉంచాలంటే జపాన్ కథ ఒకటి చెప్తాను, అది వాడుకోండి. అక్కడ ఇనుము కరిగించే కొలిమిని తతార అంటారు. ఆ కొలిమిపనివాళ్ళ దేవత కనయాగో. మిగతా దేవతలందరికీ చావు మైల, ఈమెకు మాత్రం కాదు. ఇనుము సరిగా రాకపోతే కొలిమి చుట్టూ ఉన్న స్తంభాలకు శవాన్ని కట్టేవాళ్ళని, అప్పుడు బాగా వచ్చేదని జానపద కథల్లో ఉంది. చావు ఇంటి నుంచి వచ్చినవాణ్ణి మన దగ్గర గుమ్మం దగ్గరే ఆపి కాళ్ళ మీద నీళ్ళు పోస్తారు. నివురుసీమలో అలాంటివాణ్ణి నేరుగా కొలిమి దగ్గరికి పిలుస్తారు. ఈ ఒక్క అలవాటు చూపిస్తే చాలు, ఆటగాళ్ళకు వేరే లోకంలోకి వచ్చామని తెలిసిపోతుంది.

పాతబస్తీ_ప్రవీణ్
మన ఊళ్ళో కూడా ఒకడున్నాడు. రేమాండ్ అనే ఫ్రెంచ్ జనరల్. 1795లో నిజాం కోసం ఫిరంగులు పోసే కార్ఖానా కట్టించాడు. అబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ అంటామే, అదే. టోప్ కా సాంచా అని పాతవాళ్ళు ఇప్పటికీ అంటారు. 1798లో చనిపోయాడు. మలక్‌పేట దాటాక గుట్ట మీద ఆయన సమాధి, ఎత్తైన రాతి స్తంభంతో ఉంటుంది. చనిపోయిన రోజున అక్కడ ఏళ్ళ తరబడి దీపాలు పెట్టి ఉరుసులా చేసేవాళ్ళు. మనుషుల్ని చంపే ఫిరంగులు పోసిన పరదేశీకి ఊరివాళ్ళు దండం పెట్టారు. నివురుసీమవాళ్ళను అందరూ అసహ్యించుకుంటారని రాశావు చూడు, అది అంత తేలిక కాదు. భయం వేరు, గౌరవం వేరు, ఒక్కోసారి ఒకే గుట్ట మీద ఉంటాయి.

నల్లకుంట_నాగమణి
మీరందరూ మగవాళ్ళ పనులే చెప్తున్నారు. శవానికి స్నానం ఎవరు చేయిస్తారు? కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఒక హమామ్ ఉంది, చూశారా? సుల్తానుల భౌతికకాయాలకు అక్కడే స్నానం చేయించి, తర్వాత సమాధికి తీసుకెళ్ళేవాళ్ళని చెప్తారు. మధ్యలో రాతి అరుగు, నీళ్ళు పోవడానికి కాలువలు, చల్లనీళ్ళకూ వేడినీళ్ళకూ వేర్వేరు తొట్లు. ఎవరో ప్లాను వేసి, కొలతలు తీసి, రాళ్ళు చెక్కించి కట్టిన భవనం అది. గోపురాల ముందు అందరూ ఫోటోలు దిగుతారు, దీన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ.

మీ దేశంలో పెద్ద గోపురాలు వద్దు. ఈ స్నానాల గది పెట్టండి. అక్కడ పనిచేసే ఆడమనిషికి ఏ రాజు ఒంటి మీద ఏ గాయం ఉందో తెలుస్తుంది. విషం పెట్టి చంపారా, యుద్ధంలో పోయాడా అనేది ఆమెకే తెలుసు. నేను ఆటగత్తెనైతే మాంత్రికుడి దగ్గరికి వెళ్ళను, ఈవిడ దగ్గరికి వెళ్తాను.

నివురుసీమ_రాజు
అక్కా, ఆమె పేరు నాగమణి అనే పెడుతున్నా.

నల్లకుంట_నాగమణి
వద్దు బాబూ, మా అత్తగారు ఈ గ్రూప్ చదువుతారు.

బాలానగర్_బొగ్గు
ఇంకో సంగతి మర్చిపోయిన. లోహపు పనే మనిషిని చంపుతది, అది ఎవరూ అనలేదు. బంగారు పూత పాతకాలంలో ఎట్లా వేసేవాళ్ళంటే, బంగారాన్ని పాదరసంలో కలిపి ముద్ద చేసి, వెండి మీదో రాగి మీదో పూసి, నిప్పు మీద పెట్టేవాళ్ళు. పాదరసం ఆవిరై పోతది, బంగారం అంటుకుంటది. ఆ ఆవిరి పీల్చినవాడికి కొన్నేళ్ళకు చేతులు వణుకుతయి, పళ్ళు ఊడుతయి, మతి చెడుతది. వెండి శుద్ధి కూడా చూడు. సీసంతో కలిపి ఎముకల బూడిదతో చేసిన గిన్నెలో కరిగిస్తారు. సీసాన్ని గిన్నె పీల్చుకుంటది, శుద్ధమైన వెండి బొట్టు మిగులుతది. గాలిలోకి పోయిన సీసాన్ని మనిషి పీల్చుకుంటడు.

చావుకు పేరు రావడానికి మాంత్రికుడే ఎందుకు? నలభై దాటిన పనివాడు కనిపించని వీధి ఒకటి పెట్టు. చాలు.

పాతబస్తీ_ప్రవీణ్
బొగ్గన్నా, ఇది మాత్రం నవ్వకుండా చదివాను.

లెక్కల_మాస్టారు
ఇప్పుడు నాకొక ఆలోచన. రమగారి సమాధుల ఇనుము, బార్కస్ భాయ్ చెప్పిన పరువు, నేను చెప్పిన కాశీ, ఈ మూడూ కలిపితే ఒక సూత్రం వస్తోంది. నివురుసీమ కత్తిని అమ్మకూడదు. ఎరువు ఇవ్వాలి, అంటే వాడుకుని తిరిగిచ్చేలా.

రాజో, సేనానో వస్తాడు. బంగారం కడతాడు. కత్తి తీసుకుంటాడు. షరతు ఒకటే: నువ్వు చచ్చాక కత్తి వెనక్కి రావాలి, నీతో పాటు. శవం, కత్తి రెండూ నివురుసీమకే చేరాలి. శవాన్ని ఇక్కడే పాతిపెడతారు, కత్తిని ఇంకొకరికి ఇస్తారు. కత్తి ఎప్పటికీ వాళ్ళదే కాబట్టి సరుకు తగ్గదు, ధర పడిపోదు. చావుకు పేరు ఎందుకు వచ్చిందంటే, ఖండంలోని గొప్పవాళ్ళందరూ చివరికి వచ్చేది అక్కడికే.

ఇరవైముఖాల_పాచిక
మాస్టారూ!!!

రాతిగుళ్ల_రమ
దీనికి నేనొకటి కలుపుతాను. ఐరోపాలో ఇనుపయుగపు కెల్టుల సమాధుల్లో వంచేసిన కత్తులు దొరుకుతాయి. కావాలనే వంచారు, కొన్నింటిని రెండుసార్లు మడిచారు. మనిషితో పాటు కత్తిని కూడా చంపినట్టు. నివురుసీమలో తిరిగొచ్చిన కత్తిని ముందు వంచుతారు. ఆ మనిషి ఎముకల బొగ్గులో పెట్టి కాల్చి, మళ్ళీ సాగగొడతారు. అప్పుడే దానికి రెండో మచ్చ పడుతుంది. ఎన్ని పొరల మచ్చలుంటే అంతమంది యజమానులు పోయినట్టు.

బాలానగర్_బొగ్గు
కొత్తగా కాల్చి కొడితే పాత మచ్చ పోతది రమగారూ. నిలవదు.

రాతిగుళ్ల_రమ
అక్కడ మంత్రం పెట్టుకోమనండి. ఆయనకు ఒక మంత్రం కావాలన్నాడు కదా.

బాలానగర్_బొగ్గు
అట్లయితే ఓకే.

నిద్రపోని_నిఖిల్
కత్తి వెనక్కి ఇవ్వకపోతే? వారసులు దాచేసుకుంటే?

లెక్కల_మాస్టారు
వసూలుకు మనుషులుంటారు. శవాల్ని లేపే విద్య అప్పుడు బయటికి వస్తుంది. వేరే పనులకు నిషేధం. కత్తి ఇవ్వని ఇంట్లో, పోయిన యజమానే లేచి వచ్చి అడుగుతాడు.

నిద్రపోని_నిఖిల్
రికవరీ ఏజెంటు సొంత తాతయ్యే. నాకు బైక్ లోన్ గుర్తొచ్చి టెన్షన్ మొదలైంది.

బార్కస్_భాయ్
ఇది సరిపోయింది. మీ రెండో ఆటగాడు అడిగాడు కదా, శవాన్ని లేపగలిగినవాడికి కత్తి ఎందుకని. కత్తి కోసమే శవాన్ని లేపుతున్నారు.

నివురుసీమ_రాజు
చేతులు వణుకుతున్నాయి, బొగ్గన్న చెప్పిన పాదరసం వల్ల కాదు. కత్తి ఒర మీద "ఎరువు సొమ్ము బరువు చేటు" అని చెక్కిస్తున్నా. స్నానాల గదిలో లెక్కల పుస్తకం పెడుతున్నా: ఎవరు, ఎక్కడ, ఏ గాయంతో పోయారు, కత్తి ఏ స్థితిలో వచ్చింది. పక్క దేశాల రాజులకు అసలు భయం ఆ పుస్తకమే. పుర్రెల తోరణం చెరువు పక్కన పిల్లల ఆటస్థలం దగ్గర పెట్టేస్తా, ఎవరూ పట్టించుకోరు.

ఇరవైముఖాల_పాచిక
పుర్రెలు తీసెయ్.

నల్లకుంట_నాగమణి
డబ్బులు ఇచ్చేశాడట, వదిలెయ్యండి పాపం.

పాతబస్తీ_ప్రవీణ్
ఒక్క ప్రశ్న. పేదవాడు చచ్చిపోతే? కత్తి లేనివాడికి నివురుసీమలో ఏం పని? పేరంతా రాజులదే అయితే దేశం మళ్ళీ పోస్టరే.

లోహపు_లక్ష్మి
పేదవాడి చేతికి ఉంగరం. లేకపోతే నడుముకు మొలతాడు బిళ్ళ. నల్ల లోహం మీద వెండి చుక్క ఒకటి. కత్తి ఎరువు, బిళ్ళ మాత్రం సొంతం, దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోరు. పెంబర్తిలో పెద్ద పెద్ద విగ్రహాల పని చేసేవాళ్ళే ఖాళీ దొరికితే ఇంటి తలుపుకు చిన్న ఇత్తడి బిళ్ళ కొడతారు. పెద్ద పని పేరు తెస్తుంది, చిన్న పని పొయ్యి వెలిగిస్తుంది.

లెక్కల_మాస్టారు
అమ్మకం పన్ను ఆ బిళ్ళ మీద వేయండి.

మౌనముని_99
రాజన్నా, నేను మూడోవాణ్ణి. తోరణం దగ్గర నవ్వినవాణ్ణి. ఈ గ్రూప్‌లో నేను కూడా ఉన్నా, చూసుకోలేదా?

నివురుసీమ_రాజు
ఓరి దేవుడా. ఎక్కడి నుంచి చదివావు?

మౌనముని_99
మొత్తం. దక్షిణాన కోట దోచినప్పుడు ఒక సేనాని శవం మీద నుంచి నా దొంగ ఒక నల్ల కత్తి తీసుకున్నాడు. అది నివురుసీమ పనితనం అని నువ్వే చెప్పావు.

ఇరవైముఖాల_పాచిక
హహహహ

నివురుసీమ_రాజు
అది నా దగ్గర రాసి ఉంది. వచ్చే ఆదివారం ఆ సేనాని మీ గుడారం దగ్గరికి వస్తాడు.

మౌనముని_99
రానీ. కత్తి నా దగ్గర లేదు. రేవు పట్నంలో తాకట్టు పెట్టేశా. 400 బంగారు నాణేలు నువ్వే లెక్కపెట్టి ఇచ్చావు, రసీదు కూడా రాయించుకున్నా.

బార్కస్_భాయ్
ఈ దొంగ మన ఊరివాడే.

లెక్కల_మాస్టారు
ఎరువు సొమ్మును తాకట్టు పెట్టే హక్కు దొంగకు లేదు, పట్టుకునే హక్కు షావుకారుకు లేదు. సేనాని ముందు షావుకారు ఇంటికే వెళ్ళాలి. ఆయన కత్తి ఇచ్చేసి, 400 నాణేలకు వడ్డీతో సహా దొంగ మీద పడతాడు. రసీదు మీద వడ్డీ ఎంతని ఉంది?

మౌనముని_99
నూటికి మూడు. నెలకు.

లెక్కల_మాస్టారు
శవం కన్నా షావుకారే ప్రమాదం.